తోటకు నీళ్లు పోసిందెవరు?

కోహెడలో మా ఇంటి అరుగు మీద కూర్చుని షేక్‌స్పియర్ ఇళ్ల ఫొటోలున్న పుస్తకం అమ్మకు చూపించాను. ఆయన భార్య ఆన్ హాథవే పుట్టిల్లు, దాని ముందు పూలతోట. "ఈ తోటకు నీళ్లెవరు పోసిన్రు బిడ్డా?" అనడిగింది. నల్లాలు రాకముందు బోరింగు నుంచి బిందెలు మోసిన మనిషి ప్రశ్న అది. నా పరిశోధనలో ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

షేక్‌స్పియర్ 1597లో స్ట్రాట్‌ఫర్డ్‌లో న్యూ ప్లేస్ అనే పెద్ద ఇల్లు కొన్నాడు. ఆయన నాటకాలు లండన్‌లో, ఇల్లూ పిల్లలూ ఆన్ చేతుల్లో. 1616 నాటి వీలునామాలో మాత్రం ఆమె పేరైనా లేదు. 'భార్య'కు దక్కింది రెండో రకం మంచం. ఆయన తల్లి మేరీ ఆర్డెన్ ఇల్లంటూ ఏళ్ల తరబడి యాత్రికులకు చూపించింది పొరుగువాళ్ల ఇల్లని 2000లో తేలింది. కొడుకు పుట్టిన ఇంటికి ఇచ్చిన శ్రద్ధ తల్లి పెరిగిన ఇంటికి దక్కలేదు.

మనకూ అలాంటి ఇల్లొకటుంది. షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా తెలుగు చేసిన కందుకూరి వీరేశలింగం ఇల్లు, రాజమహేంద్రవరంలో. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన తొలి వితంతు వివాహానికి వెలి భయంతో వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్లు మోసి, వంట చేసింది.

ఈ ఘట్టాన్ని మన సాహిత్య చరిత్రలు 'భర్తకు చేదోడు' అన్న ఒక్క మాటతో దాటేస్తాయి. నాకిక్కడే పేచీ. వెలి గురి పెట్టింది ఆయన కలం మీద కాదు, ఆమె వంటింటి మీద. పొయ్యి ఆరితే పెళ్లి ఆగేది. అంటే సంస్కరణోద్యమం ఆ రోజు నిలబడింది ఆమె భుజం మీది బిందె వల్ల. అది సాయం కాదు, ఉద్యమమే. 'త్యాగమూర్తి' అని దండ వేయడం కూడా ఆ పనిని పనిగా లెక్కించకుండా తప్పించుకునే దారే. ఆయన స్వీయచరిత్ర మనకుంది. ఆమెది లేదు. భుజం ఎంత నొప్పి పుట్టిందో, వెళ్లనని అనే వీలు ఆమెకుందో లేదో ఆమె నోట మనం వినలేదు. అంతకుముందు రోజూ నీళ్లు మోసినవాళ్లయితే, మానేసిన రోజు మాత్రమే చరిత్రకెక్కారు, అదీ పేర్లు లేకుండా.

అందుకే రచయితల స్మారక గృహాలను ఇకపై పెరటి వైపు నుంచి చదవాలనుకుంటున్నాను. రాతబల్ల ఎక్కడుందో అడిగినట్టే, ఇంటికి నీళ్లు ఏ దారిన వచ్చేవో, ఎవరు తెచ్చేవారో కూడా అడగాలి.

ఇది రాస్తూ నా సిద్ధాంత గ్రంథం తీసి చూసుకున్నాను. కృతజ్ఞతల్లో గైడ్‌కు ఒక పేరా, గ్రంథాలయాలకు ఒక పేరా ఉన్నాయి. నేను రాసుకున్నన్నాళ్లూ నా కూతుర్ని సాకిన అమ్మ మాత్రం 'కుటుంబ సభ్యులు' అన్న మాటలో ఎక్కడో ఉంది. పేరు లేదు. వీలునామాలో భార్య పేరు రాయని షేక్‌స్పియర్‌ను తప్పుపట్టాను గానీ, ఆ పేజీ రాసింది నేనే.