ప్రోగ్రాము నడచిన చాలునా?

కంప్యూటరుకు ఇచ్చు ఆజ్ఞల వరుసను ప్రోగ్రాము అందురు. ఆజ్ఞలు ఆ భాష నియమములకు లోబడి ఉన్నచో కంప్యూటరు వాటిని నెరవేర్చును. అవి స్పష్టముగా ఉన్నవా, చిక్కుపడి ఉన్నవా అని అది చూడదు. కాని ప్రోగ్రామునకు మరియొక పాఠకుడు కలడు. అతడు మనిషి. కొంతకాలము తరువాత దానిలో మార్పు చేయవలసి వచ్చిన ఉద్యోగి, తప్పు ఎక్కడ ఉన్నదో వెదకు పరీక్షకుడు, మార్కులు వేయు ఉపాధ్యాయుడు, తాను వ్రాసినది తానే మరచిన రచయిత - వీరందరును ఆ పాఠకులే.

లెక్కల పరీక్షలో జవాబు మాత్రమే వ్రాసి, చేసిన విధము చూపని విద్యార్థికి పూర్తి మార్కులు రావు. ప్రోగ్రాము విషయమున మాత్రము "నడచుచున్నది కదా, ఇంకేమి కావలెను?" అను మాట బడిలోనే గాక పెద్ద కార్యాలయములలోను వినిపించును. ఈ మాటకు గట్టి సమాధానము చెప్పిన గ్రంథములలో ఒకటి బ్రయన్ కెర్నిహాన్, పి. జె. ప్లాగర్ కలిసి వ్రాసిన "ది ఎలిమెంట్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ స్టైల్". 1974లో అమెరికాలో వెలువడిన ఈ చిన్న పుస్తకము 1978లో రెండవ కూర్పు పొందినది. ఇంగ్లీషు వచన రచనకు స్ట్రంక్, వైట్ అనువారు వ్రాసిన చిన్న కరదీపిక దీనికి ఒరవడి. నేడు ప్రోగ్రాము వ్రాయువారి చేతిలో ఆనాడు లేని పనిముట్లు పెక్కు ఉన్నవి. అవి వచ్చిన తరువాత ఈ పుస్తకపు అవసరము తీరినదా, లేదా అనునది పరిశీలింపదగిన విషయము.

ఒక తెలివైన లెక్క

గ్రంథకర్తలు దుష్టాంతములను కల్పింపలేదు. అప్పటికే అచ్చయిన ప్రోగ్రామింగు పుస్తకముల నుండి ఫోర్ట్రాన్, పి.ఎల్. వన్ భాషలలోని ప్రోగ్రాములను ఎత్తి చూపి, వాటి లోపములను విప్పి, తిరిగి వ్రాసి చూపిరి. నేర్చుకొనుటకై విద్యార్థి చేతికి ఇచ్చిన పాఠములలోనే ఇన్ని చిక్కులు ఉన్నవని చూపుటలో వారి విమర్శకు బలము కలదు.

వారు మొదట తీసుకొన్న ఉదాహరణ యూనిట్ మాత్రికను తయారుచేయు ప్రోగ్రాము. యూనిట్ మాత్రికలో ప్రధాన వికర్ణము మీది అంకెలన్నియు 1, తక్కినవన్నియు 0. ఆ ప్రోగ్రాము ప్రతి స్థానమునకు ఒక చిన్న లెక్క చేయును. అడ్డువరుస సంఖ్యను నిలువువరుస సంఖ్యతో భాగించును. నిలువువరుస సంఖ్యను అడ్డువరుస సంఖ్యతో భాగించును. రెండు భాగఫలములను గుణించును. ఫోర్ట్రాన్‌లో పూర్ణాంకమును పూర్ణాంకముతో భాగించినచో భిన్నభాగము రాలిపోవును. మూడవ అడ్డువరుస, ఐదవ నిలువువరుస తీసుకొన్నచో 3ను 5తో భాగింపగా 0, 5ను 3తో భాగింపగా 1, లబ్ధము 0. నాల్గవ అడ్డువరుస, నాల్గవ నిలువువరుస అయినచో రెండు భాగఫలములును 1, లబ్ధము 1. జవాబు ప్రతిసారి సరిగానే వచ్చును.

తెలివి ఉన్నది, సందేహము లేదు. కాని చదువువాడు దానిని విప్పుకొనుటకు కొంతసేపు ఆగవలెను. పైగా 100 అడ్డువరుసలు, 100 నిలువువరుసలు గల మాత్రికకు ఈ పద్ధతిలో 20,000 భాగహారములు, 10,000 గుణకారములు కావలెను. ముందు అన్ని స్థానములలో 0 ఉంచి, పిదప వికర్ణము మీది 100 స్థానములలో 1 ఉంచినచో ఒక్క భాగహారమును అక్కరలేదు. ఈ రెండవ పద్ధతి చదువగానే తెలియును, త్వరగాను నడచును. స్పష్టతకును వేగమునకును వైరమున్నదను అపోహ ఈ ఒక్క ఉదాహరణతో చాలవరకు తొలగును.

గ్రంథకర్తలు చెప్పని మరియొక దోషము కూడ దీనిలో కలదు. వారి కాలమున అది కనబడుటకు అవకాశము లేదు. నేడు పెక్కు బడులలో నేర్పు పైథాన్ భాషనే చూడవచ్చును. దాని రెండవ తరములో 5ను 2తో భాగించినచో 2 వచ్చెడిది. 2008లో వెలువడిన మూడవ తరములో అదే గుర్తుతో భాగించినచో 2.5 వచ్చును. కావున పై తెలివైన లెక్క పైథాన్ రెండవ తరములో యూనిట్ మాత్రికను ఇచ్చును. మూడవ తరములో భిన్నము రాలిపోదు కనుక ప్రతి స్థానములోను 1 గాని, దానికి అతి సమీపమైన సంఖ్య గాని నిలుచును. కంప్యూటరు ఏ తప్పును చూపదు; మాత్రిక మాత్రము మారిపోవును. 0, 1 ఉంచు సాదా ప్రోగ్రాము ఏ తరములోనైనను ఒకే జవాబు ఇచ్చును. భాషలోని ఒక మారుమూల గుణము మీద ఆధారపడిన చమత్కారము ఆ గుణము మారిన నాడు కూలిపోవును.

సూత్రముల బలము, పరిమితి

పుస్తకములోని ప్రతి చర్చ చివర ఒక చిన్న సూత్రము ఉండును. అర్థమును సూటిగా వ్రాయవలెననియు, తప్పుడు ప్రోగ్రామునకు వ్యాఖ్య తగిలించుటకంటె దానిని తిరిగి వ్రాయుట మేలనియు, బయటి నుండి వచ్చు అంకెలను పరీక్షింపక నమ్మరాదనియు వాటి సారము. యాబది ఏండ్ల తరువాత కూడ ఇవి పాతబడలేదు. పాతబడినది ఉదాహరణల భాష. ఫోర్ట్రాన్‌లో ఒక పంక్తి నుండి మరియొక పంక్తికి దుముకుటను గూర్చి చెప్పిన హెచ్చరికలలో అనేకము నేటి విద్యార్థికి అక్కరకు రావు. నేటి భాషలలో ఆ దుముకుడు అరుదు.

లోపము వేరొకచోట ఉన్నది. పుస్తకములోని ప్రోగ్రాములు దాదాపు అన్నియు ఒకటి రెండు పుటలలో ముగియునవి. అంతటి ప్రోగ్రాము "ఏమి" చేయుచున్నదో, "ఎట్లు" చేయుచున్నదో స్పష్టముగా వ్రాసినచో "ఎందుకు" అనునది చాలవరకు దానంతట తెలియును. పలువురు పలు సంవత్సరములు పనిచేసిన పెద్ద ప్రోగ్రామునకు ఆ సౌకర్యము లేదు. అక్కడ ప్రతి పంక్తియు స్పష్టముగా ఉండి కూడ, ఆ పంక్తి అట్లు ఎందుకు ఉన్నదో తెలియకపోవచ్చును.

పనిముట్లు చేయు మేలు

నేటి పనిముట్లలో కొన్ని పంక్తుల అమరికను సరిదిద్దును. 2009లో వెలువడిన గో భాషతోపాటే అట్టి దిద్దుబాటు పనిముట్టు వచ్చినది. ఎవరు వ్రాసినను అమరిక ఒకే తీరున ఉండును. ఖాళీలను గూర్చి వాదులాడుకొను పని తప్పినది. మరికొన్ని పనిముట్లు వాడని పేర్లను, అనుమానింపదగిన పంక్తులను ఎత్తి చూపును. 2005లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన గిట్ అను పనిముట్టు ఏ పంక్తిని ఎవరు, ఎప్పుడు మార్చిరో భద్రపరచును. మార్పుతోపాటు దాని కారణమును వ్రాయుటకు కూడ అందులో చోటు కలదు. ఆ చోటున "మార్చితిని" అని ఒక్క ముక్క వ్రాసి ఊరకుండుట పలువురి అలవాటు. పనిముట్టు చోటు ఇచ్చును. కారణము వ్రాయవలసినది మనిషి.

పేర్ల సంగతియు అట్టిదే. అయిదు విషయముల మార్కుల సగటుకు "ఎ" అని పేరు పెట్టినను, "సగటు మార్కులు" అని పెట్టినను అమరిక దిద్దు పనిముట్టు రెంటిని సమానముగానే చూచును. పైథాన్ మూడవ తరములో పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. తెలుగు మాధ్యమపు విద్యార్థికి ఇది గొప్ప వెసులుబాటు: అర్థము తెలియని ఇంగ్లీషు మాటను కాపీ చేయుటకంటె అర్థము తెలిసిన తెలుగు పేరు పెట్టుట మేలు. ఇతర రాష్ట్రములవారితో కలిసి చేయు పనిలో ఆ పేర్లు చదువలేనివారు ఉందురన్న సంగతియు మరువరాదు. పేరు ఎవరి కొరకు పెట్టుచున్నారో ముందుగా తేల్చుకొనవలెను.

పెట్టెలో ఏమి ఉన్నది?

ఒక కంప్యూటరులో నడచిన ప్రోగ్రాము మరియొక దానిలో నడవకపోవుట చిరకాలపు తంటా. కారణము చాలసార్లు ప్రోగ్రాములో ఉండదు. దాని చుట్టునున్న భాషా తరములోను, సహాయక భాండారములలోను ఉండును. ఈ తంటాకు విరుగుడు కంటైనరు. విశాఖపట్నము రేవులో ఓడల నుండి దింపు ఉక్కు కంటైనర్ల పేరే దీనికి పెట్టిరి. సరుకు ఏదైనను పెట్టె కొలత ఒకటే కనుక ఏ ఓడయైనను, ఏ లారీయైనను దానిని మోయగలదు. అటులనే ప్రోగ్రామును, దానికి కావలసిన భాషను, భాండారములను, అమరికలను ఒక మూటగా కట్టి ఎక్కడికైనను పంపవచ్చును.

ఈ ఊహ ఒక్కనాటిది కాదు. 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులోనే ఒక ప్రోగ్రామునకు ఫైళ్ల భాండాగారములో కొంత భాగము మాత్రమే కనబడునట్లు చేయు ఏర్పాటు ఉండెను. 2008లో లినక్స్ కేంద్రకములో ప్రోగ్రాముల గుంపునకు జ్ఞాపకశక్తి, గణన సమయము ఇంతే అని హద్దు పెట్టు సాధనము చేరినది. ఇట్టి సాధనములను సులువుగా వాడుకొను వీలు కల్పించిన డాకర్ 2013లో లోకమునకు పరిచయమయ్యెను. కంటైనరు పూర్తి కంప్యూటరునకు నకలు కాదు. అది నడచుచున్న యంత్రము కేంద్రకమునే పంచుకొనును. అందువలన తేలికగా ఉండును, త్వరగా లేచును. దానిని కట్టు విధము ఒక సాదా ఫైలులో వరుసగా వ్రాయబడును. ఏ భాష, ఏ తరము, ఏ భాండారము అను వివరములు చదువదగిన రీతిలో ఒక్కచోట ఉండుట చిన్న మేలు కాదు. ఆ ఫైలులో తరము సంఖ్య వ్రాయక "సరికొత్తది" అని మాత్రమే వ్రాసినచో నేడు కట్టిన పెట్టెకును, వచ్చే ఏడు కట్టు పెట్టెకును పోలిక ఉండదు.

అయినను పెట్టె ఏమి మోయునో గుర్తింపవలెను. పై తెలివైన లెక్కను పైథాన్ రెండవ తరముతో కలిపి కంటైనరులో పెట్టినచో అది నేటికిని సరిగానే నడచును. ఆ భాషా తరమునకు అధికారికమైన మద్దతు 2020 జనవరి 1తో ముగిసినను పెట్టెలో అది బ్రతికియే ఉండును. చిక్కు మాత్రము విడలేదు, భద్రమైనది. అది ఎందుకు నడచుచున్నదో తెలిసినవాడు లేని నాడు ఆ పెట్టెను విప్పుటకు ఎవరికిని ధైర్యము చాలదు.

ఏరియాన్ నేర్పిన పాఠము

కంటైనర్లకు చాల ముందే జరిగిన ఒక దుర్ఘటన ఈ సంగతిని తేటపరచును. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరు నుండి ఏరియాన్ 5 రాకెట్టు మొదటిసారి లేచినది. సుమారు 40 సెకన్లకు, సుమారు 3,700 మీటర్ల ఎత్తున దారి తప్పి ప్రేలిపోయినది. అందున్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహములు నశించినవి. గణితశాస్త్రజ్ఞుడు జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారణ జరిగినది.

రాకెట్టు దిశను తెలుపు పరికరములోని ప్రోగ్రామును ఏరియాన్ 4 నుండి తీసుకొనిరి. అక్కడ అది బాగుగానే పనిచేసినది. దానిలో అడ్డుదిశ వేగమునకు సంబంధించిన ఒక విలువను 64 బిట్ల సంఖ్య నుండి 16 బిట్ల పూర్ణాంకముగా మార్చు పని ఉన్నది. 16 బిట్లలో పట్టు గరిష్ఠ సంఖ్య 32,767. ఏరియాన్ 5 మొదటి క్షణములలోనే ఎక్కువ అడ్డువేగముతో పోవును. విలువ హద్దు దాటినది. పరికరము ఆగిపోయినది. దానికి తోడుగా ఉంచిన రెండవ పరికరము కూడ అదే ప్రోగ్రాముతో నడచునది కనుక అంతకు కొద్దిగా ముందే ఆగిపోయినది. ఆ లెక్క రాకెట్టు లేచిన తరువాత ఏరియాన్ 5కు అవసరమే లేనిది.

అట్టి ప్రమాదము గల విలువలు ఏడు ఉండగా నాల్గింటికి రక్షణ పెట్టి, మూడింటికి మానిరి. అది అజాగ్రత్త కాదు. కంప్యూటరు మీది భారము 80 శాతము మించరాదను హద్దు ఉండెను. ఆ మూడు విలువలు హద్దు దాటవని నిర్ణయించిరి. ఆ నిర్ణయమునకు కారణము ప్రోగ్రాములో ఎక్కడను కనబడలేదని విచారణ సంఘము పేర్కొన్నది. కారణము పత్రముల రాశిలో మరుగుపడినది. ప్రోగ్రాము మాత్రము కొత్త రాకెట్టు ఎక్కినది.

కెర్నిహాన్, ప్లాగర్ల సూత్రమును ఇక్కడ ఉల్లంఘించినవారు దానిని ఎరుగనివారు కారు. తగిన కారణముతోనే ఉల్లంఘించినారు. కావున పుస్తకమునకు ఒక సూత్రమును చేర్చవలసి ఉన్నది: నియమమును విడిచినచోట, విడిచిన కారణమును, అది ఎంతవరకు చెల్లునో ఆ హద్దును, ఆ పంక్తి ప్రక్కనే వ్రాయవలెను. వ్రాసినంత మాత్రమున ప్రమాదము తప్పెడిదని చెప్పుటకు వీలులేదు. కొత్త పథము అంకెలతో ఆ పరికరమును పరీక్షింపకపోవుటయు సంఘము చూపిన లోపములలో ఒకటి. కాని "ఏరియాన్ 4 పథమునకు మాత్రమే" అను ఒక్క పంక్తి అక్కడ ఉన్నచో, ఏమి పరీక్షింపవలెనో చదువరికి తెలిసెడిది. ఏ కంటైనరును ఈ పంక్తిని తానై వ్రాయదు.

తరగతి గదిలో

ఈ పుస్తకమును నేడు విద్యార్థి చేతిలో అట్లే పెట్టుట ప్రయోజనకరము కాదు. దాని భాషలు అతనికి కొత్త. ఉపాధ్యాయుడు దాని పద్ధతిని తీసుకొనవచ్చును. ఒక విద్యార్థి వ్రాసిన ప్రోగ్రామును మరియొకనికి ఇచ్చి, కంప్యూటరును ముట్టక, అది ఏమి చేయునో కాగితము మీద వ్రాయుమనవలెను. అతడు తడబడిన పంక్తిని గుర్తించి, వ్రాసినవాని చేతనే దానిని తిరిగి వ్రాయింపవలెను. రికార్డు పుస్తకములో ఫలితముతోపాటు "ఈ ప్రోగ్రాము ఏ అంకెలకు చెల్లదు?" అను ప్రశ్నకు జవాబును కోరవలెను. మార్కులలో కొన్నింటిని ఈ రెంటికి కేటాయించినచో అలవాటు త్వరలో కుదురును.

అమరిక దిద్దు పనిముట్లను, గిట్‌ను, కంటైనర్లను పిల్లలకు నేర్పుట కూడ అవసరమే. వాటివలన చేతిపని తగ్గును. మిగిలిన కాలమును మంచి పేరు వెదకుటకు, కారణము వ్రాయుటకు వినియోగింపవచ్చును. అట్లు వినియోగించిన విద్యార్థి ప్రోగ్రామును అతడు ఎరుగని మరియొకడు, అతడు చూడని ఊరిలో, తెరచి చదివి సరిదిద్దగలడు.