మెదడు కంతులూ, మాంసకృత్తులూ: ఒక వాక్యంపై విమర్శ

"మాంసకృత్తులు మెదడులోని కంతులను పెంచుతాయి." విజ్ఞాన విషయాలను తెలుగులో చెప్పే రచనలలో ఇటువంటి వాక్యం కనబడినప్పుడు, అది తప్పని వెంటనే కొట్టివేయడానికి వీలులేదు. ప్రయోగశాలలో పనిచేసేవారి దృష్టిలో దీనికి ఒక అర్థమున్నది. కాని అదే వాక్యం ఆసిఫాబాద్‌లోని ఉన్నత పాఠశాలకు చేరేసరికి అర్థం మారిపోతుంది. అక్కడి విద్యార్థికి మాంసకృత్తులంటే పాఠ్యపుస్తకంలో చదివిన పప్పు, గుడ్డు, పాలు, మాంసం. పుస్తకం వాటిని తినుమని చెప్పింది. ఈ వాక్యం వాటిని చూసి భయపడుమంటున్నది. ఏది నమ్మవలెను?

ఈ సందేహం చిన్నది కాదు. 2016లో ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో గోండులు, కోలాములు మొదలైన గిరిజనులు పెద్దసంఖ్యలో ఉన్నారు. పిల్లల కంచంలోకి పప్పు, గుడ్డు చేర్చడమే అంగన్‌వాడీల ముఖ్యమైన పనులలో ఒకటి. ఇక, మెదడులో గడ్డ ఉన్నదని తెలిసిన రోగికి ఇంటివారు ఈ వాక్యాన్ని నమ్మి పప్పూ గుడ్డూ మాన్పించినట్లయితే, కృశించేది రోగి. ఆ నష్టంలో కొంత భాగం రచయితదే అగును.

మొదటి లోపం మాటలోనే ఉన్నది. మాంసకృత్తు అనే పేరు కండను పెంచేదన్న భావాన్ని కలిగిస్తుంది. ఆహారాన్ని గురించి చెప్పేటప్పుడు ఇది చక్కని మాట. కాని జీవకణంలో ఈ పదార్థాల పని అంతటితో ఆగదు. ఆహారాన్ని జీర్ణింపజేసే ఎంజైములు మాంసకృత్తులే. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ మాంసకృత్తే. ఒక కణం మరొక కణానికి పంపే కబుర్లలోను, ఆ కబుర్లను అందుకునే గ్రాహకాలలోను అనేకం మాంసకృత్తులే. బెర్జీలియస్ సూచనపై 1838లో ముల్డర్ వాడిన ప్రోటీన్ అనే పేరుకు గ్రీకు మూలంలో ‘ప్రథమమైనది’ అని భావం. అందులో మాంసం ప్రసక్తి లేదు. కాబట్టి తిండిని గురించి చెప్పేటప్పుడు మాంసకృత్తులనీ, కణంలోని పనిముట్లను గురించి చెప్పేటప్పుడు ప్రోటీనులనీ వాడితే సగం గందరగోళం తొలగుతుంది.

మిగిలిన సగం తొలగడానికి జీర్ణక్రియను గుర్తు చేయవలెను. తిన్న పప్పులోని ప్రోటీను ఉన్నదున్నట్లుగా మెదడుకు పోదు. కడుపులోను, చిన్నప్రేగులలోను అది ఎమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ప్రతి కణమూ ఆ ఆమ్లాలను తీసుకొని, తన జన్యువులలోని ఆదేశాల ప్రకారం తనకు కావలసిన ప్రోటీనులను తానే కూర్చుకుంటుంది. అవే ఇటుకలతో బడి కట్టవచ్చును, చెరసాలా కట్టవచ్చును. కంతి కణంలో చెడినది ఇటుక కాదు, కట్టడపు నమూనా.

నమూనా చెడడమంటే ఏమి? 1962లో స్టాన్లీ కోహెన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చుంచెలుకల లాలాజల గ్రంథులనుండి ఒక ప్రోటీనును వేరుచేశాడు. దానిని అప్పుడే పుట్టిన చుంచుపిల్లలకు ఎక్కించగా వాటి కళ్ళు గడువుకు ముందే తెరుచుకున్నవి. ఇది కణాల పెరుగుదలను ప్రేరేపించే వృద్ధికారకం. దీనిని అందుకోవడానికి కణం పైపొరలో ఒక గ్రాహకం ఉన్నది, అదీ ప్రోటీనే. వృద్ధికారకం వచ్చి తగలగానే గ్రాహకం లోపలికి కబురు పంపుతుంది. కణం విభజనకు సిద్ధపడుతుంది. కబురు ఆగితే పని ఆగుతుంది. మెదడు కంతులలో మిక్కిలి ప్రమాదకరమైనది గ్లియోబ్లాస్టోమా. అటువంటి కంతులలో సుమారు నూటికి 40 వాటిలో ఈ గ్రాహకపు జన్యువు అనేక ప్రతులుగా పెరిగి ఉంటుంది. కొన్నింటిలో గ్రాహకపు బయటిభాగం కొంత లోపించి, వృద్ధికారకం రాకపోయినా కబురు పోతూనే ఉంటుంది. పెద్దవాగు కాలువ తూము మూతపడకుండా బిగుసుకుపోతే, నీరు వద్దన్నా పొలం మునుగుతుంది. ఇదీ అటువంటిదే. ప్రోటీను కంతిని పెంచుతుందనే మాటకు శాస్త్రార్థమిది.

రెండవ లోపం ఏకపక్షత. ప్రోటీనులలో పెరుగుదలను ముందుకు తోసేవి ఉన్నట్లే, ఆపేవీ ఉన్నవి. 1979లో కనుగొన్న పీ-53 అనే ప్రోటీను, దెబ్బతిన్న కణాన్ని విభజన చెందనీయక ఆపుతుంది. అవసరమైతే చనిపోయేటట్లు చేస్తుంది. అనేక మెదడు కంతులలో ఇది చెడి ఉంటుంది. అనగా ఇక్కడ కీడు ప్రోటీను పనిచేయడం వల్ల కాదు, పనిచేయకపోవడం వల్ల. ఎంజీఎంటీ అనే మరొక ప్రోటీను కథ ఇంకా విచిత్రమైనది. జన్యుపదార్థానికి కలిగే కొన్ని గాయాలను అది మాన్పుతుంది. ఆరోగ్యవంతమైన కణానికి అది రక్షకుడు. కాని టెమోజోలమైడ్ అనే మందు కంతి కణానికి చేసిన గాయాన్ని కూడా మాన్పి, మందు శ్రమను వ్యర్థం చేస్తుంది. ఒకచోట మిత్రుడైనది మరొకచోట అడ్డంకి అవుతున్నది. ‘పెంచుతాయి’ అనే ఒక్క క్రియలో ఈ కథ ఇమడదు.

మూడవ లోపం అన్నిటికంటె బరువైనది. దోషి అయిన ప్రోటీను దొరికింది గనుక మందు వచ్చినట్లేనన్న ధోరణి అది. పైన చెప్పిన గ్రాహకాన్ని అడ్డగించే మందులు కొన్ని రకాల ఊపిరితిత్తుల క్యాన్సర్లలో బాగా పనిచేసినవి, గ్లియోబ్లాస్టోమాలో నిరాశపరచినవి. లోపించిన గ్రాహకాన్ని గురిగా పెట్టుకొని తయారైన రిండోపెపిమట్ అనే టీకా రోగుల ఆయువును పెంచలేదని 2017లో వెలువడిన ఫలితాలు తెలిపినవి. కొత్త రక్తనాళాలను పుట్టించే ప్రోటీనును పట్టివేసే బెవాసిజుమాబ్‌పై రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వచ్చినవి. అది కంతి పెరుగుదలను కొంతకాలం వాయిదా వేసింది గాని ఆయువును పొడిగించలేదు. దీనికి కారణాలున్నవి. మెదడు రక్తనాళాల గోడ అనేక మందులను లోనికి రానీయదు. ఒకే కంతిలో పలువిధాల కణాలుంటాయి. ఒక దారి మూస్తే అవి మరొక దారి వెదుక్కుంటాయి. ఆసిఫాబాద్ రోడ్ స్టేషనులో రోగిని వెంటబెట్టుకొని దూరనగరానికి రైలెక్కే కుటుంబానికి ఈ ఓటములను దాచిన రచన మేలు చేయదు.

అట్లని నిరాశ కూడా సత్యం కాదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలమైన మందులు తయారైనవి. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనమిచ్చిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్, కణవిభజనకు అవసరమైన ఒక ఎంజైమును, అనగా ఒక ప్రోటీనును, కట్టివేస్తుంది. మెదడులోనే మొదలయ్యే లింఫోమా అనే క్యాన్సరుకు పెద్ద మోతాదులో ఇచ్చే ఆ మందే నేటి చికిత్సకు ఆధారం.

ఇంకొక ఉదాహరణ. కొన్ని మెదడు కంతులలో ఐడీహెచ్-1 అనే ఎంజైములో ఒకే ఒక్క ఎమైనో ఆమ్లం మారి ఉన్నట్లు 2008లో తెలిసింది. ఆ మారిన ఎంజైమును ఆపే వొరాసిడెనిబ్ అనే మాత్రను 331 మంది రోగులతో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మందులేని మాత్ర తీసుకున్నవారిలో వ్యాధి ముదరడానికి పట్టిన మధ్యస్థకాలం 11.1 నెలలు కాగా, మందు తీసుకున్నవారిలో 27.7 నెలలు. 2024లో అమెరికాలో ఈ మందుకు అనుమతి లభించింది. అయితే ఇది నెమ్మదిగా పెరిగే ఒక తరగతి కంతులకు మాత్రమే. ఏ కంతిలో ఏ ప్రోటీను చెడినదో విడివిడిగా చెప్పవలసిన అవసరం ఇక్కడే స్పష్టమవుతుంది.

కాబట్టి మొదటి వాక్యాన్ని ఇట్లా మార్చవలెను: "కొన్ని మెదడు కంతులలో, జన్యువులు మారినందువల్ల కణం తానే తప్పుగా తయారుచేసుకున్న ప్రోటీనులు పెరుగుదలకు తోడ్పడతాయి; మనం తినే పప్పులోని ప్రోటీనులు ఇవి కావు." వాక్యం పొడవైనది, శీర్షికకు నప్పదు. కాని ఉపాధ్యాయుడు నల్లబల్లపై ధైర్యంగా రాయదగినది ఇదే. 2023లో ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. రేపు అందులో చేరబోయే విద్యార్థి ప్రోటీను అనే మాటను మొదట తెలుగు పాఠంలోనే వినవచ్చును. ఆ మొదటి మాట సరిగా ఉండవలెను.