గోపురం కింద నాట్యపాఠం

మహాశివరాత్రి దగ్గర పడుతుంటే దేశంలో ఎన్నో నాట్య బృందాలు చిదంబరానికి గజ్జెలు సర్దుకుంటాయి. నాట్యాంజలి ఉత్సవం అక్కడ 1981లో మొదలైంది. శివరాత్రి రాత్రి నుంచి వరుసగా కొన్ని రోజులు సాగుతుంది. భరతనాట్యమైనా, కూచిపూడి అయినా, ఒడిస్సీ అయినా అక్కడ ఆడేది నటరాజుకు నివేదనగానే.

అయితే చిదంబరం అసలు సంపద గోపురాల కింద ఉంది.

అక్కడి నటరాజ ఆలయానికి నాలుగు దిక్కులా గోపురాలు. వాటి ద్వారాల్లో, లోపలి గోడల మీద, భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన 108 కరణాలను, అంటే చేయీ కాలూ కలిసి సాగే నాట్య విన్యాసాలను, నిలువు వరుసల్లో చెక్కారు. తూర్పు గోపురంలో బొమ్మల వెంట ఆ శాస్త్రంలోని శ్లోకాలు కూడా ఉన్నాయి. తంజావూరు బృహదీశ్వరాలయంలో, సుమారు 1010 నాటికే, ఈ పని మొదలైంది. అక్కడ 81 పూర్తయ్యాక ఉలి ఆగిపోయింది; మిగిలిన 27 రాళ్లు ఖాళీగానే ఉన్నాయి. అక్కడ ఆడేది శివుడు. చిదంబరం గోపురాల్లో ఆడేది స్త్రీలు.

మొదటి కరణం తలపుష్పపుటం. పూలు పట్టిన దోసిలి ఎడమ పక్కకు చేరుతుంది. పక్క కాస్త వంగుతుంది. మడమ లేచి, పాదం మునివేళ్ల మీద నిలుస్తుంది. శిల్పి చూపించగలిగింది ఆ ఒక్క క్షణమే. చేతులు ఎటు నుంచి వచ్చాయో, అడుగు ఎలా పడిందో నర్తకి తన ఒంట్లో వెతుక్కోవాలి. కరణమంటే నిలిచిన భంగిమ కాదు, కదలిక అని భరతనాట్య కళాకారిణి పద్మా సుబ్రహ్మణ్యం నిరూపించబూనింది శాస్త్రాన్నీ, శిల్పాన్నీ కలిపి చదివే. ఆమెకు డాక్టరేట్ ఇచ్చిన అన్నామలై విశ్వవిద్యాలయం ఉన్నదీ చిదంబరంలోనే.

ఈ గోపురాలు తెలుగువారికి పరాయివి కావు. తూర్పు గోపురంతో ముడిపడిన 13వ శతాబ్దపు కాడవ రాజు కోప్పెరుంజింగడి శాసనం మన ద్రాక్షారామంలో ఉంది. ఉత్తర గోపురం శ్రీకృష్ణదేవరాయలది. కళింగ దండయాత్రలో గెలిచి, పొట్నూరులో జయస్తంభం నాటాక, 1516 ప్రాంతంలో దాన్ని కట్టించాడు. ఆయన విగ్రహం ఇప్పటికీ ఆ గోపురంలోనే ఉంది.

ఉత్సవంలో ఒక్కో బృందానికి దక్కేది కొద్ది నిమిషాలే. అలంకారం, ఆట, ఫొటోలు, తిరుగు ప్రయాణం అన్నట్టు ముగిస్తే చేతికందిన పాఠాన్ని వదులుకున్నట్టే. పిల్లల్ని తీసుకెళ్లే గురువులకు ఒక్క మనవి: ఒక పూట ముందే చేరండి. రంగు వేయకముందే, పగటి వెలుతురులో, వాళ్లను తూర్పు గోపురం కింద నిలబెట్టి ఒక్కో కరణాన్నీ చూపించండి.