గాజు కళాకారుల సంఘ చరిత్ర: వ్యక్తి గాథ, సామూహిక విద్య

ప్రవేశిక

అమెరికాలో గాజు కళాకారుల సంఘమైన 'గ్లాస్ ఆర్ట్ సొసైటీ' 1971లో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని పెన్లాండ్ చేతిపనుల పాఠశాలలో ఆవిర్భవించింది. దాని చరిత్రను సాధారణంగా 1962 నాటి టొలీడో కార్యశాలలతో ఆరంభిస్తారు. కర్మాగారానికి పరిమితమైన గాజును కళాకారుని సొంత కొలిమికి చేర్చిన ఘనతను హార్వీ లిటిల్‌టన్‌కు ఆపాదిస్తారు. ఈ కథనంలో సత్యముంది. అయితే సొంత కొలిమి గల కళాకారులకు సంఘం ఎందుకు అవసరమైందన్న ప్రశ్నకు ఇందులో సమాధానం లేదు.

టొలీడో కొలిమి వద్ద

లిటిల్‌టన్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మృణ్మయ కళను బోధించిన ఆచార్యుడు. 1962 మార్చిలో టొలీడో కళా మ్యూజియం ఆవరణలో జరిగిన తొలి కార్యశాలలో ఆయన సిద్ధం చేసిన గాజు ఊదడానికి అనువుగా కరగలేదు. అప్పుడు గాజు పరిశ్రమలో పరిశోధకుడైన డొమినిక్ లాబినో కొలిమి నిర్మాణాన్ని మార్చమని సూచించి, గాజునార తయారీకి వాడే గోళీలను సమకూర్చాడు. లిబ్బీ కర్మాగారంలో పనిచేసి విరమించిన హార్వీ లీఫ్‌గ్రీన్ ఊదుగొట్టం పట్టి పనితీరు చూపాడు. కర్మాగారం నుండి విడివడదలచిన ఉద్యమానికి తొలి పాఠం కర్మాగార శ్రామికుడే నేర్పాడన్నమాట. వ్యక్తి ప్రధానమైన కథనంలో ఈ ఋణం మరుగున పడింది.

సంఘం చేసిన పని

అమెరికాలో రంగుటద్దాల పనివారికి 1903లోనే ఒక జాతీయ సంఘం ఏర్పడింది. దాని తొలి పేరులో ఉన్న మాట 'తయారీదారులు'. 1971 నాటి సంఘం 'కళ' అన్న మాటను ఎంచుకొంది. మార్క్ పైజర్, ఫ్రిట్జ్ డ్రైస్‌బాక్ వంటి దాని స్థాపకులు స్వయంగా గాజు ఊదేవారు. కర్మాగారంలో ఒక తరం పనితనం మరో తరానికి పని మధ్యనే అందుతుంది. ఒంటరి కొలిమి వద్ద ఆ వసతి లేదు. ఈ లోటును వార్షిక సమావేశాలు, బహిరంగ ప్రదర్శనలు, పత్రికా ప్రచురణ పూరించాయి.

మురానోతో పోలిస్తే ఈ మార్పు స్పష్టమవుతుంది. వెనిస్ పాలకులు 1291లో గాజు కొలిములను ఆ ద్వీపానికి తరలించారు. పని మర్మం బయటికి పొక్కకుండా శతాబ్దాల పాటు కట్టుదిట్టం చేశారు. 1979లో మురానో నిపుణుడు లీనో తాల్యాపియెత్రా అమెరికాలోని పిల్చక్ పాఠశాలకు వచ్చి ఆ విద్యను బోధించాడు. 2018లో సంఘం తన సమావేశాన్ని మురానోలోనే నిర్వహించింది. దాచిన విద్య పంచుకొనే విద్యగా మారిన తీరుకు ఇది నిదర్శనం.

ముగింపు

విద్యను పంచుకొన్నంత ఉదారంగా ఈ ఉద్యమం కర్తృత్వాన్ని పంచుకోలేదు. పెద్ద గాజు శిల్పానికి పలువురి చేతులు అవసరమైనా, సంతకం తరచు ఒక్కరిదే. కనుక సంఘ చరిత్రను స్థాపకుల జీవిత గాథగా గాక, విద్యా ప్రసార చరిత్రగా చదవాలి. అప్పుడే లీఫ్‌గ్రీన్ వంటి శ్రామికునికి అందులో న్యాయమైన స్థానం దక్కుతుంది.