బాలలకు దైవపరిచయము: పోతన త్రోవ

బాలలకై వెలువడు దేవతాపరిచయ గ్రంథములు పెక్కు వాహనముల, ఆయుధముల పట్టికతో ఆరంభమగును. గజేంద్రమోక్షమున పోతన త్రోవ వేరు. సంస్కృత భాగవతము అష్టమస్కంధమున విష్ణువు చక్రధారియై గరుడునిపై వచ్చును. పోతన విష్ణువో లక్ష్మితో ఒక్క మాటైన అనక, ఆయుధములు చేకొనక, గరుడుని సిద్ధపరుపక, చేత చిక్కిన ఆమె పైటకొంగునైన విడువక బయలుదేరును. ఏడ్పు వినగానే పొయ్యి విడిచి పరుగెత్తు తల్లిని ఎరిగిన బిడ్డకు ఈ దేవుడు క్రొత్తవాడు కాడు. అంతకు మున్నే ఏనుగు దేవుడు కలడో లేడో యని సందేహించును. ప్రశ్నించు పెద్దలకు అదియే ప్రవేశద్వారము.

బడిలో తమిళమో ఒడియాయో చదువు తెలుగు బిడ్డకు కథ చాలునని, పద్యము కష్టమని కొందరందురు. కథ మాత్రమే చెప్పినచో ఆ తొందర జారిపోవును. అది పద్యమున వెంటవెంట వచ్చు వ్యతిరేకక్రియలలోనే యున్నది.