వెనక్కి చూసే ముఖం

సైన్స్ ఫిక్షన్ అభిమానులు తమలో తాము పంచుకునే చిన్న పత్రికల్ని సాహిత్య చరిత్రలు లెక్కలోకి తీసుకోవు. పరిశోధకురాలిగా నేనూ చాలాకాలం పుస్తకాల్నే నమ్మాను.

అమెరికాలోని మాడిసన్‌లో 1975లో అలాంటి పత్రికగానే మొదలైంది ‘జేనస్’. జానిస్ బోగ్‌స్టాడ్, జీన్ గొమోల్ దాని సంపాదకులు. ఊహాలోకాల్లో కూడా స్త్రీ వంటింట్లోనే ఎందుకుందని అడిగిన పత్రిక అది. 1981లో ‘అరోరా’గా పేరు మార్చుకుని 1990 దాకా వచ్చింది.

1986-87 శీతాకాల సంచికలో జోవన్నా రస్‌కి గొమోల్ రాసిన బహిరంగ లేఖ నన్ను ఆపేసింది. డెబ్భైల సైన్స్ ఫిక్షన్ చప్పగా ఉందని ఒక రచయిత తన ముందుమాటలో తేల్చేశాడు. రస్, లెగ్విన్ లాంటి స్త్రీలు ఆ సాహిత్యాన్ని తిరగరాసిన దశాబ్దం అది! స్త్రీల రచనల్ని ఎన్ని రకాలుగా అణిచేస్తారో రస్ 1983లోనే పుస్తకంగా రాసింది. గొమోల్ ఆ జాబితాకి ఇంకొకటి చేర్చింది: అదంతా నాలుగు రోజుల మోజని కొట్టిపారెయ్యడం.

జేనస్ రెండు ముఖాల రోమన్ దేవుడు. భవిష్యత్తు కథల పత్రికకి వెనక్కి చూసే ముఖం ఎందుకో ఆ లేఖ చదివాక అర్థమైంది. చెరిపేస్తున్నప్పుడు, అక్కడ ఉన్నవాళ్ళే సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం దొరికేది మనం పక్కన పెట్టిన ఇలాంటి కాగితాల్లోనే.