ఏరడమే పని

కొండాపూర్ పాటిగడ్డను 1941-42లో గులాం యజ్దానీ బృందం తవ్వి శాతవాహనుల నాణేలు, పూసలు ఏరింది. నా పనీ ఏరడమే, కాకపోతే కంప్యూటర్ ముందు కూర్చుని, మందుకో టీకాకో పనికొచ్చే ప్రొటీన్లను.

టైఫాయిడ్ బ్యాక్టీరియా జన్యుక్రమం 2001లో బయటికొచ్చింది. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 4,600. మందు కోసమైతే మనిషి ప్రొటీన్లను పోలినవి ముందు తీసేయాలి, లేదంటే మందు రోగి మీదే పడుతుంది. మిగిలినవాటిలో, ఏది లేకపోతే బ్యాక్టీరియా బతకదో అదే ఉంచాలి. టీకాకు లెక్క వేరు: ఒంటిపైన కనబడేవే పనికొస్తాయి. లోపల దాక్కున్నదాన్ని యాంటీబాడీ ఎలా పట్టుకుంటుంది?

కొత్తగా చేరిన పిల్లలు దొరికినవి చూపించి మురిసిపోతారు. నేను పారేసినవాటి జాబితా అడుగుతాను. ఎందుకు పారేశామో రాసుకోకపోతే, ఆర్నెల్ల తర్వాత దాన్నే మళ్లీ ఏరుకొచ్చి మిఠాయిలు పంచుకుంటాం. నేను ఒకసారి పంచాను కూడా.

సరైనది ఏరినా నిలవదు. సిప్రోఫ్లాక్సాసిన్ గురి జైరేజ్, డీఎన్‌ఏ మెలికలు సర్దే ప్రొటీన్. అందులో 83వ చోట సెరీన్ అనే అమైనో ఆమ్లం (గుర్తు ‘ఎస్’) ఉంటుంది. తెరమీద అక్కడ ‘ఎస్’ బదులు ‘ఎఫ్’ (ఫినైల్‌అలనిన్) కనబడిందా, ఆ మందుకు పట్టు సడలినట్టే. గొలుసులో ఒక్క పూస! పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేశాక వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఇదే మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అందులో ఈదిన బ్యాక్టీరియా పూస మార్చుకోక ఏం చేస్తుంది?

అందుకే నా ఓటు టీకాకు. శామీర్‌పేట దగ్గర భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీకి 2017 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది. దాని గురి ప్రొటీన్ కాదు, బ్యాక్టీరియా కప్పుకునే ‘వీఐ’ అనే చక్కెర పొర. ఉత్త చక్కెరను రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు సరిగా పట్టించుకోదు. ధనుర్వాతం టాక్సాయిడ్ ప్రొటీన్‌కు ముడేసి ఇస్తే గుర్తుపెట్టుకుంటుంది. ఇన్నేళ్లు ప్రొటీన్లు ఏరిన నాకు, గురి చక్కెర కావడం కాస్త చిన్నతనమే అనుకోండి.

ఆర్నెల్లు నిండిన బిడ్డకు ఒక్క డోసు. ఇంట్లో చంటిపిల్లలుంటే ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అడగండి.